ఉప్పు పట్టిన నోటుబుక్కు

మా వాడలో బీడీలు చుట్టే చోట ఒక పద్ధతి ఉండేది. ఐదుగురం కూర్చుంటే నలుగురు చుట్టేవాళ్లు, ఒకరు చదివేవాళ్లు. చదివే మనిషిని నేను. చేతిలో పుస్తకం ఉంటే బీడీ చుట్టడం కుదరదు. అందుకని నా వంతు పడిపోకుండా నలుగురూ తలా ఒక కట్ట నా చాటలో వేసేవాళ్లు. ఎవరు మొదలుపెట్టారో గుర్తు లేదు గాని, ఇరవై ఏళ్లు ఆ పద్ధతి అలాగే నడిచింది. పక్కింటి అక్క తన మొదటి కట్టకు దారం చుట్టి నా చాటలో పడేసి, "ఊ, షురూ చెయ్" అనేది. అప్పుడు పుస్తకం తెరిచేదాన్ని.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా నిజామాబాదు గ్రంథాలయంలో చదువుకున్నదే. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి ఇంటికి వచ్చే దారిలోనే అది ఉంది. ఒంటికి తంబాకు వాసన వస్తుందని మొదట్లో బెంచీ చివర కూర్చునేదాన్ని. కొన్నేళ్లకు పత్రికల బల్ల దగ్గర ఒక కుర్చీ నాదైపోయింది. నేను రాకపోతే అటెండరు దాన్ని ఖాళీగా ఉంచేవాడు. చరిత్ర, భూగోళం, వైద్యం, ప్రయాణాలు, ఏది దొరికితే అది చదివాను. అట్లాసు ఇంటికి ఇవ్వరు. పల్చటి కాగితం పైన పరిచి పెన్సిలుతో పటాలు దిద్దుకుని తెచ్చుకునేదాన్ని. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వమే, సిగ్గేమీ లేదు.

అక్క నా తోడబుట్టింది కాదు. గోడకు ఇవతల నేను, అవతల ఆమె. రెంజల్ దగ్గరి పల్లె నుంచి ఈ వాడకు కోడలిగా వచ్చింది. సంతకం తప్ప అక్షరం రాదు. కొత్త కోడలిగా వచ్చిన నాకు బీడీ మూతి మలచడం నేర్పింది ఆమే. నా వేళ్లు పట్టుకుని, "గట్టిగ ఒత్తకు, పసిపోరని మూతి తుడిచినట్టు తుడువు" అని చూపించింది. నేను గ్రంథాలయం నుంచి తెచ్చిన మొదటి పుస్తకాన్ని చదివి వినిపించమన్నదీ ఆమే.

సముద్రం సంగతి ఆదివారం పత్రికతో మొదలైంది. పడమటి తీరంలో పెద్ద హోటళ్ల ఊరు ఒకటి ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. సినిమా వాళ్లు పెళ్లిళ్లు చేసుకునే ఊరు. ఆ బొమ్మలు చూపించి, వ్యాసం చదివి వినిపించాను. అందరూ చేతులాపారు.

"మనసొంటోళ్లను రానిస్తరా ఆడికి?" అంది అక్క.

"సముద్రం ఎవరయ్య సొమ్మక్కా? తడి ఇసుక అందరిది. ఒడ్డు మీది కుర్చీలే హోటలోళ్లవి."

"కుర్చీలు మనకెందుకు, కింద కూసునుడు మనకు కొత్తనా?" అని మా గుంపులో అందరికంటే చిన్నది నవ్వింది.

ఆ రోజే ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. గోధుమరంగు అట్ట వేశాను. పెద్ద హోటళ్ల ఊళ్లో తక్కువ డబ్బుతో ఎలా తిరగాలో అందులో రాయడం మొదలుపెట్టాను. గ్రంథాలయంలో ఉన్న ప్రయాణాల పుస్తకాలన్నీ వెతికాను. అక్కడి కంప్యూటరు మీద కూర్చుని, ఆ ఊరికి వెళ్లొచ్చినవాళ్లు రాసుకున్నవి చదివాను. ఒడ్డు వైపు గది తీసుకోవద్దు, చేపల రేవు వెనక సందుల్లో తీసుకోవాలి. హోటళ్లలో పనిచేసేవాళ్లు ఎక్కడ తింటారో అక్కడ తినాలి. వానకాలంలో పోతే అన్ని రేట్లూ పడిపోతాయి. ఏరు దాటించే పడవకు నడిచి ఎక్కేవాళ్ల దగ్గర టికెట్టు తీసుకోరు, కారులో వచ్చిన సేట్లూ అదే పడవలో దాటాలి. సూర్యుడు మునిగేది చూడడానికి హోటలు మేడ అక్కర్లేదు, పాత కోట గోడ మీదికి ఎవరైనా ఎక్కవచ్చు. రెండేళ్లు పట్టింది. కొత్త పేజీ రాసినప్పుడల్లా చదివి వినిపించేదాన్ని. మధ్యాహ్నం చాయ్ తాగేటప్పుడు మా ముచ్చట్లన్నీ ఆ ఊళ్లోనే తిరిగేవి.

అలాంటి ఒక మధ్యాహ్నమే ఆ మాట వచ్చింది. అక్క వాళ్లమ్మ అస్థికలు కందకుర్తిలో, గోదావరి మంజీర కలిసే చోట కలిపారు. అక్క ఆకు మీద తంబాకు పరుస్తూ, తల ఎత్తకుండా అంది:

"మనం సముద్రం కాడికి పోయినంక గంగమ్మకు ఒడిబియ్యం పోస్త చెల్లె. మా అవ్వను కలిపిన నీళ్లు ఆడికే పోయి ఉంటయ్. గోదారి సముద్రంలనే గద కలుస్తది."

నేను వెంటనే అట్లాసు కాగితం తీశాను. "అక్కా, నీ గోదారి తూర్పుకు పోతది. మనం పోయేది పడమరకు. ఆ సముద్రం వేరు, ఈ సముద్రం వేరు. ఆడ ఒడిబియ్యం పోస్తే ఎవరి అవ్వకో పోసినట్టు!"

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. చిన్నది "పరాయోళ్ల అవ్వకు బియ్యం" అని రెండు మూడు రోజులు ఆటపట్టించింది. అక్క కూడా పెదవులతో నవ్వింది. నేను ఆ సాయంత్రం నోటుబుక్కులో ఒక పేజీ నిండా పటం గీశాను. కందకుర్తి దగ్గర చుక్క పెట్టి, గోదావరిని తూర్పుదాకా దిద్ది, సముద్రంలో కలిసే చోట ఎర్ర సిరాతో బాణం వేశాను. మరునాడు అక్కకు చూపించాను. "మంచిగ గీసినవ్" అంది.

శ్రావణం వచ్చింది. ఈ వానకాలమే పోదామా అని నేను అడుగుతుంటే ఒకరికి కోడలి కాన్పు, ఒకరికి ఇల్లు కారడం, ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంది. ఒకరోజు అక్క నోటుబుక్కు అడిగింది. "మా కోడలితోని సదివిపిచ్చుకుంట. ఇంకోసారి ఇనాలని ఉన్నది." నాకు ఎంత సంతోషం కలిగిందో! ఇరవై ఏళ్లు విన్న మనిషి మళ్లీ వింటానంటోంది. ఇచ్చేశాను.

ఆ వారమే అక్క వాళ్ల చుట్టాల పెళ్లి, కమ్మర్‌పల్లిలో అన్నారు. పెళ్లి పనికి మనుషులు తక్కువగా ఉన్నారట. నలుగురూ పోతున్నామని చెప్పారు.

"నేనూ వస్తగా," అన్నాను.

"పెండ్లింట్ల నీకేం తోస్తది చెల్లె, ఆడ పుస్తకాల్లేవ్!" అంది అక్క. మళ్లీ అందరం నవ్వాం. పోయే ముందు గోడ మీది నుంచి ఒక మూట అందించింది. "కత్తిరిచ్చిన ఆకు. ఎండితె పగుల్తది. బట్ట మీద జర నీళ్లు చల్లుతుండు."

ఆరు రోజులు పొద్దునా సాయంత్రం ఆ బట్ట మీద నీళ్లు చల్లాను. మిగతా ముగ్గురి ఆకూ తెచ్చి దాని పక్కనే పెట్టుకున్నాను. ఒక్కదాన్నే కూర్చుని నాలో నేను చదువుకున్నాను. అదీ బాగానే ఉందనిపించింది.

వాళ్లు తిరిగొచ్చారు. ముఖాలు నల్లబడ్డాయి. పెళ్లి పని అనుకున్నాను. అక్క పెళ్లి లడ్డూ తెచ్చింది, నోటుబుక్కు తిరిగి ఇచ్చింది. దానికి కొత్త అట్ట వేసి ఉంది. ఎంత శ్రద్ధ అనుకుంటూ తెరిచాను. పేజీలు అప్పడాల్లా వంకర్లు పోయాయి. కొన్నిచోట్ల సిరా అలుక్కుపోయింది. మధ్యలో, పిన్నులు గుచ్చిన చోట, ఇసుక.

"గోదారి కాడ బండి ఆపిన్రు. చేతిలకెల్లి జారింది," అంది అక్క.

నేను నమ్మాను. కాని ఆ కాగితాలు ఎండలేదు. నాలుగు రోజులు ఎండలో పెట్టినా ముట్టుకుంటే చెమ్మ. ఉప్పు గాలిలోని తడిని పీల్చుకుంటుందని ఎప్పుడో చదివాను. అన్నిటికంటే ఎక్కువ పాడైంది పటం గీసిన పేజీ. దాన్ని నాలుకతో తాకి చూశాను.

గోదావరి నీళ్లు ఉప్పగా ఉండవు.

మరునాడు అందరం కూర్చున్నాక నోటుబుక్కు మధ్యలో పెట్టాను. "సముద్రం మంచిగున్నదా?" అని అడిగాను. నలుగురి చేతుల్లో ఆకు ఎక్కడిదక్కడ ఆగింది. అక్క నా వైపు చూసి, "నాకి సూసినవా? నువ్వు దేన్నన్న సదువుతవ్ చెల్లె," అంది. చుట్టడం మొదలుపెట్టింది.

చిన్నదే మాట్లాడింది. "అక్కా, కోపం చేసుకోకు. నువ్వొస్తె బడికి పోయినట్టుంటది. గది సూడున్రి, గిది సూడున్రి, గది గట్ల గాదు గిట్ల… జర మనసుకొచ్చినట్టు నవ్వుకుంట తిరిగొద్దమనుకున్నం."

"మరి రోజూ చదవమంటరు?"

"రోజు సదువుడు వేరు. చేతులకు పనుంటది, చెవులు యాడికి పోతయక్కా?"

"నోర్ముయ్," అంది అక్క దానితో. కాని కాదని అనలేదు.

నాకు ఆ ఆరు రోజుల కంటే ఇరవై ఏళ్లే ఎక్కువ బాధ పెట్టాయి. నా చాటలో పడిన ప్రతి కట్టా మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. అవి ఇష్టంతో వేసినవా? వద్దనలేక వేసినవా? గొంతు బొంగురుపోయేదాకా చదివిన రోజులు, దగ్గొస్తే అక్క చాయ్ పెట్టించిన రోజులు, ఇవన్నీ ఏమిటి? ఆ రోజు నుంచి నా చాట తీసుకుని ఇంట్లోనే కూర్చున్నాను.

సైకిళ్ల దుకాణంలో పనిచేసే మా ఆయన రెండు రోజులు చూశాడు. "నువ్వూ పో. వాళ్లు తాగి రాలేదు గద సముద్రాన్ని," అన్నాడు.

వినాయక నిమజ్జనం అయిన వారానికి ఒక్కదాన్నే బయలుదేరాను. నోటుబుక్కు తీసుకుపోలేదు. అవసరం లేదు, అంతా నోటికి వచ్చు. రెండు రైళ్లు, ఒక బస్సు.

చెప్పడానికి చిత్రంగా ఉంటుంది గాని, నేను రాసిన ప్రతి మాటా నిజమైంది. చేపల రేవు వెనక, వలలు దాచే కొట్టు పైన గది దొరికింది. గోడలకు చేపల వాసన, కిటికీలో సగం సముద్రం. పడవ వాడు టికెట్టు అడగలేదు. నా పక్కన ఒక పెద్ద కారు, అందులో అద్దాలు ఎత్తుకుని ఒక కుటుంబం. ఏరు ఇద్దరినీ ఒకేసారి దాటించింది. హోటలు ముందు తడి ఇసుక మీద నడుస్తుంటే సెక్యూరిటీ అతను వచ్చాడు. "మౌసీ, ఇది హోటల్ వాళ్ల జాగా" అని హిందీలో అన్నాడు. "పొడి ఇసుక నీది బాబూ, తడి ఇసుక నాది" అన్నాను, నాకొచ్చిన ఉర్దూలో. నవ్వి పక్కకు తప్పుకున్నాడు. తెల్లటి గొడుగుల కింద ఎవరూ లేరు. వాన సన్నగా పడుతోంది. అంత నీళ్లను నేను ఎప్పుడూ చూడలేదు.

ఎదురుగా సముద్రం ఉంది. నేను దాన్ని చూడడం లేదు, నలుగురూ ఎక్కడ నిలబడ్డారా అని వెతుకుతున్నాను. కోట గోడ ఎక్కితే, వాళ్లూ ఇక్కడే ఎక్కి ఉంటారు. చాయ్ తాగితే, వాళ్లూ ఇక్కడే తాగి ఉంటారు. రెండేళ్లు కూర్చుని నేను వేసిన దారి మీద వాళ్లు నడిచి పోయారు. నేను వాళ్ల వెనక నడుస్తున్నాను.

హోటలు పనివాళ్లు తినే మెస్సు ఒక ఇంటి వరండా. నడిపే ఆమె మరాఠీ మాట్లాడుతుంది. బోధన్ సంతలో ఉల్లిగడ్డల బేరాలు ఆడిన మరాఠీ నాకు అక్కడ పనికొచ్చింది. రెండో రోజు అన్నం వడ్డిస్తూ, "ఎక్కడి నుంచి, తాయీ?" అని అడిగింది. చెప్పాను. ఆమె లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చి మూత తీసింది. పసుపు. వాసన చూడగానే తెలిసింది, మా వైపు పసుపే.

"మీ ఊరి ఆడవాళ్లే ఇచ్చారు. పోయిన నెల వచ్చారు, నలుగురు," అంది. "వాళ్లకు తోడు నేనూ ఒడ్డుకు పోయాను. వాళ్లలో పెద్దామె, ఎంత ఏడ్చిందో!"

నేను చెయ్యి ఆపాను. ఆమె చెప్పుకుంటూ పోయింది. పెద్దామె కొంగులో బియ్యం, పసుపు, కొబ్బరికాయ, రవికె గుడ్డ పట్టుకుని హోటలు ముందు నీళ్లలోకి దిగిందట. కెరటాలు పెద్దగా ఉన్నాయి, ఎర్రజెండా పాతి ఉంది. సెక్యూరిటీ అతను వచ్చి, ఇక్కడ పూజలు కుదరవు, బయటికి రమ్మన్నాడట. ఆమె రాలేదు. రెంజల్ వైపు మాట్లాడే మరాఠీలో, మా అమ్మను కలిపిన నది ఇక్కడికే వస్తుంది, అమ్మకు ఒడి నింపి పోతాను అన్నదట. ఏ నది అంటే గోదావరి అన్నదట. గోదావరి ఇక్కడెక్కడిది అని అతను నవ్వాడట.

"అప్పుడు ఆమె సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. పేజీ తెరిచి అతని ముఖం ముందు పెట్టింది. ఇదిగో చూడు, మా చెల్లె రాసింది, అది లేని మాట రాయదు, అంది. వాడికి మీ లిపి రాదు. పటం ఉంది, నది ఉంది, ఎర్ర బాణం సముద్రంలోకి పోతోంది. ఇంక ఏమంటాడు? సరే కానివ్వమన్నాడు. ఆమె ఒక చేత్తో పుస్తకం పట్టుకునే బియ్యం పోసింది. కెరటం వచ్చి పుస్తకాన్నీ ఆమెనూ తడిపేసింది."

ఆ పేజీ. ఆమె మాట తప్పని నిరూపించడానికి నేను గీసిన పేజీ. తనకు చదవడం రాదు, అతనికీ రాదు. నా బాణాన్ని తూర్పు నుంచి పడమరకు తిప్పేసింది.

మెస్సు ఆమె నా విస్తరి దగ్గర కూర్చుంది. "నేనూ నాలుగు క్లాసులు చదివాను. గోదావరి అటువైపు పోతుందని మాస్టరు చెప్పినట్టు గుర్తు. కాని మీ వాళ్ల పుస్తకంలో ఉందంటే… మీరు చదువుకున్నవాళ్లలా ఉన్నారు. నిజంగా ఇక్కడికే వస్తుందా?"

నేను ఎన్ని పుస్తకాలు చదివానో అన్నిట్లోనూ జవాబు ఒకటే. నాకు ఇరవై ఏళ్లుగా ఉన్న ఆస్తి అదొక్కటే, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. అక్క కోసం దాన్ని వదులుకోవాల్సిన అవసరం నాకు లేదు. నన్ను పెళ్లి పేరు చెప్పి ఇంట్లో ఆకు తడుపుతూ కూర్చోబెట్టిన మనిషి ఆమె.

"వస్తుంది," అన్నాను. "పుస్తకంలో ఉంది."

ఆమె తల ఊపి, పసుపు డబ్బాను దేవుడి పటం ముందు పెట్టడానికి లోపలికి తీసుకుపోయింది. నేను విస్తరి మడిచి లేచాను. నా చేతనే అబద్ధం చెప్పించింది కదా, అదీ నా పుస్తకం పేరుతో, అని ఒళ్లు మండిపోయింది. "అది లేని మాట రాయదు" అన్న మాట కూడా వదలకుండా వెంట వచ్చింది. అంత నమ్మకం ఉన్న మనిషి నన్ను వెంట ఎందుకు తీసుకుపోలేదు? వచ్చి ఉంటే నేను ఆ నీళ్లలో ఆమె పక్కన నిలబడి ఏమి అని ఉండేదాన్నో నాకు తెలుసు. సెక్యూరిటీ అతని కంటే ముందే అని ఉండేదాన్ని. అది తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు. ఇంకొక రోజుకు గది మాట్లాడుకున్నా, ఆ సాయంత్రమే బస్సు ఎక్కేశాను.

ఇంటికి వచ్చిన మూడో రోజు నా చాట తీసుకుని పాత చోటికే పోయాను. ఇంట్లో ఒంటరిగా చుడితే ఆకు సరిగా కత్తిరించేవాళ్లు లేరు, అదొక కారణం. నలుగురూ జరిగి జాగా ఇచ్చారు. కాసేపటికి అక్క తన మొదటి కట్టకు దారం చుట్టి నా చాటలో పడేసింది.

"ఊ, షురూ చెయ్."

నా సంచిలో పుస్తకం ఉంది. ఆమెకూ తెలుసు. నేను ఆ కట్టను తీసి తిరిగి ఆమె చాటలో పెట్టాను. నా చాటలో తంబాకు పోసుకున్నాను.

అక్క ఆ కట్టను పక్కకు జరిపి ఇంకో ఆకు తీసుకుంది. తరువాత, "సముద్రం సూసినవా చెల్లె?" అంది.

"సూసిన."

"ఎట్లున్నది?"

"నువ్వు సూసినవ్ గదక్కా."

"సూసిన," అంది. "నువ్వు సెప్తె ఇందామని."

చిన్నది తల వంచుకుంది. నేను మెస్సు ఆమె సంగతి చెప్పలేదు. అక్క మాటను నేను అక్కడ నిలబెట్టి వచ్చానని కూడా చెప్పలేదు. చెబితే క్షమించినట్టు అవుతుందేమోనని భయం. ఒక ఆకు తీసుకుని, తంబాకు పరిచి, చుట్టాను. మూతి మలుస్తుంటే ఆకు చిట్లింది. ఇంకొకటి తీసుకున్నాను. ఇరవై ఏళ్లు పేజీలు తిప్పిన వేళ్లు ఎంత మొద్దుబారాయో ఆ నలుగురి పక్కన కూర్చున్నాకే పూర్తిగా తెలిసింది. పొద్దు వాలేసరికి వాళ్లు నలుగురూ చాటలు దులుపుకుని కార్ఖానాకు లేచారు. నా చాటలో ఇంకా సగం తంబాకు ఉంది.